మీకు తెలుసా? సముద్రపు గుర్రం కంటే ముందు నీరు సిద్ధం కావాలి

సముద్రపు గుర్రాలను ఇంటి ఉప్పునీటి అక్వేరియంలో పెంచదలచినవారు వాటిని తెచ్చుకోవడానికి ముందే సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలపాటు నీటిని సిద్ధపరచవలసి ఉంటుంది. ఏలయనగా విసర్జితాల నుంచీ, మిగిలిన మేత నుంచీ పుట్టే విషపూరితమైన అమ్మోనియాను మొదట నైట్రైటుగా, ఆపైన అంతగా హాని చేయని నైట్రేటుగా మార్చే బాక్టీరియా రాళ్లపైనా వడపోత పరికరంలోనూ స్థిరపడటానికి అంత వ్యవధి పడుతుంది. సముద్రపు గుర్రానికి దంతాలు లేవు, జీర్ణాశయమూ లేదు; గొట్టంవంటి మూతితో పీల్చుకొన్న ఆహారం పేగుల గుండా త్వరగా సాగిపోతుంది కనుక, రొయ్యను పోలిన మైసిస్ అనే చిరుజీవులను రోజుకు రెండు మూడు సార్లు మేతగా వేయాలి, మిగిలినదాన్ని వెంటనే తీసివేయాలి. జతకట్టే వేళ ఆడ, మగ కలిసి నిలువునా పైకి లేస్తూ గుడ్లను మగదాని సంచిలోకి చేర్చుకొంటాయి కాబట్టి తొట్టికి వెడల్పుకన్నా ఎత్తు ముఖ్యం. 45 సెంటీమీటర్లకు తగ్గకపోవడం మేలు. తోక చుట్టుకోవడానికి కొమ్మలవంటి ఆధారాలుండాలి. ఉష్ణమండల జాతులకు సైతం 22–24 డిగ్రీల సెల్సియస్ నీరే క్షేమకరం, వెచ్చదనం పెరిగితే విబ్రియో అనే రోగకారక బాక్టీరియా విజృంభిస్తుంది. అయితే భారతదేశంలో 2001లో సముద్రపు గుర్రాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చి, సముద్రం నుంచి పట్టడాన్ని నిషేధించారు.