హాలంతా నవ్వింది... నేను తప్ప!

2017 దసరా సెలవులు. ‘మహానుభావుడు’ విడుదలైన వారం. మా మాడుగుల కుర్రాళ్లం నలుగురం బస్సెక్కి చోడవరం వెళ్లి చూశాం. అతిశుభ్రం హీరోగా శర్వానంద్ దుమ్మూ ధూళీ చూసి బెంబేలెత్తిపోతుంటే హాల్లో ఒకటే ఈలలు! దర్శకుడు మారుతి జనాన్ని బాగానే నవ్వించాడు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటారా? ఇంటర్వెల్లో కుళాయి దగ్గరికి వెళ్లినవాణ్ణి, సెకండాఫ్ మొదలై పావుగంటయినా అక్కడే వున్నాను!

బస్సు కడ్డీ పట్టుకుంటే చేతులు కడగాలి. చిల్లర అందుకుంటే కడగాలి. కడిగాక కుళాయి కట్టాను కదా, ఆ కుళాయి మురికే కదా అని మళ్లీ కడగాలి! లెక్కపెట్టి ఏడుసార్లు. మధ్యలో ఎవరైనా పిలిస్తే లెక్క తప్పి మళ్లీ ఒకటి నుంచి మొదలు. వేళ్ల సందులు పగిలి నెత్తురొచ్చేది. మాడుగులలో పుట్టి, వేళ్లకి నెయ్యి అంటుకుంటుందని రెండేళ్లు హల్వా ముట్టలేదంటే నమ్ముతారా? అంతెందుకు, మా అక్క పెళ్లిలో తలంబ్రాల వేళకి నేను నూతి గట్టు మీద వున్నాను. ఫోటోల్లో ఎక్కడా లేను.

“ఏట్రా నాయనా, చేతులు పీచులాగ అయిపోనాయి!” అని అమ్మ ఏడ్చేది. మళ్లీ తనే నీళ్లు కాచేది. నా బట్టలు విడిగా ఉతికేది. “శుభ్రంగానే వుందామ్మా?” అని ఇరవైసార్లు అడిగితే ఇరవైసార్లూ “వుందిరా” అనేది. చుట్టాలు కొందరు చాదస్తమన్నారు, కొందరు పెళ్లి చేస్తే పోతుందన్నారు.

ఆఖరికి నాన్న విశాఖపట్నంలో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాడు. అంతా విని ఆయన అన్న మొదటి మాట ఇది: “కడగడం నీ జబ్బుకి మందు కాదు, మేత.”

సరిగ్గా ఇక్కడే వుంది అసలు కిటుకు. ఈ జబ్బు పేరు ఓసీడీ. వద్దన్నా ఒక ఆలోచన బుర్రలో దూరి భయపెడుతుంది. కడిగితే భయం తగ్గుతుంది, కానీ కాసేపే! ‘చూశావా, కడిగావు కాబట్టే గండం గడిచింది’ అని మెదడు పాఠం నేర్చుకుంటుంది. మర్నాడు ఇంకా ఎక్కువ కడగమంటుంది. ‘ఇది వట్టి పిచ్చిపని’ అని మనకీ తెలుసు. తెలిసినా ఆగలేం. అదే నరకం.

మరి మందేమిటి? కడగకుండా వుండటమే! 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే ఆయన ఈ పద్ధతి ఫలితాలు ప్రకటించాడు. నా భయాలన్నీ చిన్న నుంచి పెద్ద వరకూ మెట్లుగా రాయించారు డాక్టరుగారు. మొదటి మెట్టు తలుపు గడియ. ముట్టుకోవాలి, కడగకూడదు. మొదటిరోజు గుండె దడదడ! ఏడుపొచ్చింది. కానీ ముప్పావుగంటకి ఆ భయం దానంతటదే దిగింది. తీరం దాకా వచ్చిన కెరటం వెనక్కి మళ్లినట్టు! దాంతో పాటు మందుబిళ్లలూ ఇచ్చారు. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, తగ్గిందని మనంతట మనం మానేయకూడదు. అమ్మకీ ఒక మందు రాశారండోయ్! ‘శుభ్రమేనా’ అని అడిగితే జవాబు చెప్పకూడదు. ఆవిడకి అదే కష్టమైంది.

సినిమాలో హీరో ప్రేమ కోసం చివర్లో కుస్తీ బరిలోకి దిగేస్తాడు. రెండున్నర గంటల్లో తేలాలి కాబట్టి సరే. నాకు ఏడాది పైన పట్టింది. మధ్యలో రెండుసార్లు మొదటికొచ్చింది కూడా. 2020లో కరోనా వచ్చి లోకమంతా చేతులు కడుగుతుంటే మళ్లీ జారాను. ‘ఇరవై సెకన్లు, అంతే’ అని డాక్టరుగారు ఫోన్లోనే గీత గీశారు.

డబ్బుంటే పోయే జబ్బూ కాదిది. ‘హెల్స్ ఏంజెల్స్’ తీసిన హాలీవుడ్ కోటీశ్వరుడు హోవర్డ్ హ్యూస్ క్రిముల భయంతో గదుల్లోనే మగ్గి 1976లో పోయాడు. 2004లో వచ్చిన ‘ది ఏవియేటర్’లో డికాప్రియో వేసింది ఆయన పాత్రే.

మీలో ఎవరికైనా కడగడానికే రోజుకి గంటకు పైగా పోతోందా? చదువో, పనో, పెళ్లి ఫోటోనో పోతోందా? అయితే అది శుభ్రత కాదు, జబ్బు. సిగ్గుపడకండి. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల వుంది. 14416కి ఫోన్ చేస్తే టెలి మానస్ వాళ్లు డబ్బు తీసుకోకుండా సలహా చెబుతారు.

అన్నట్టు, మొన్న అక్క పిల్లాడి పుట్టినరోజుకి హల్వా తిన్నాను. చేత్తోనే! వేళ్లకి నెయ్యి అలాగే వుండగా ఫోటో తీశారు. ఈసారి ఫోటోలో నేనున్నాను.