కొత్త కంపెనీకి బెంగళూరే దిక్కా? మన ఊళ్ళో నిలబడుతుందా?

ఇంజినీరింగ్ చదివిన మన పిల్లల్లో కొందరు ఈమధ్య ఉద్యోగం కాకుండా సొంతంగా కంపెనీ పెడతామంటున్నారు. పత్రికలవారు అంకుర సంస్థలంటున్న స్టార్టప్‌లు ఇవే. పిల్లలు ‘బెంగళూరు వెళ్తేనే అవుతుంది’ అంటారు. ‘బళ్ళారిలో ఉండి చేయలేవా?’ అని పెద్దలు అడుగుతారు. మా సంఘానికి వచ్చే తల్లిదండ్రులు పదేపదే అడుగుతున్న ప్రశ్న కనుక, మాకు తెలిసినంతవరకు వివరంగా రాస్తున్నాం.

ఒకేచోట ఎందుకు చేరతాయి?

షోలాపూర్ సంగతి మనకు తెలిసిందే. తెలంగాణ నుంచి వెళ్ళిన పద్మశాలీలు అక్కడ మగ్గాలు పెట్టారు. పనివాడు కావాలంటే పక్క వీధిలో దొరుకుతాడు. నూలు, రంగు, మగ్గం మరమ్మతు అన్నీ దగ్గరలోనే ఉంటాయి. ఒకరు కొత్త అంచు నేస్తే మర్నాటికి నలుగురికీ తెలుస్తుంది. షోలాపూర్ దుప్పటికి పేరు అలా వచ్చింది.

ఆల్‌ఫ్రెడ్ మార్షల్ అనే ఇంగ్లండు ఆర్థికవేత్త 1890లో అచ్చయిన తన గ్రంథంలో చెప్పిన కారణాలూ ఈ మూడే: పని తెలిసిన మనుషులు, సరుకులూ సేవలూ అందించేవారు, నోటినోటా పాకే విద్య. సాఫ్ట్‌వేర్ కంపెనీలకైనా ఇవే కావాలి. పెట్టుబడి పెట్టేవారు కూడా వీటిని చూసుకునే వస్తారు.

రాజధాని కావడం వల్లనేనా?

మహారాష్ట్ర రాజధాని ముంబయి. అయినా సాఫ్ట్‌వేర్‌కు పుణె పేరు ముందు చెబుతారు. 1981లో ఇన్ఫోసిస్ పుట్టింది పుణెలోనే, 1983లో బెంగళూరు వచ్చింది. కనుక రాజధాని హోదా ఒక్కటే దీనికి కారణం కాదు.

బెంగళూరు వెనుక చాలాకాలపు కృషి ఉంది. మైసూరు సంస్థానం ఇచ్చిన స్థలంలో 1909లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఏర్పడింది. 1940లో విమానాల కర్మాగారం, 1948లో టెలిఫోన్ల కర్మాగారం ఐటీఐ, 1954లో భారత్ ఎలక్ట్రానిక్స్ వచ్చాయి. ఇంజినీర్లు, మెకానిక్కులు రెండు మూడు తరాలుగా తయారయ్యాక 1985లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వచ్చింది. పని తెలిసిన మనుషులు ముందు తయారయ్యారు, కంపెనీలు ఆ తర్వాత వచ్చాయి.

కోయంబత్తూరులోనూ ఇంతే. తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు గారు, బాలసుందరం గారితో కలిసి 1937లో దేశీయంగా ఎలక్ట్రిక్ మోటారు తయారు చేయించారు. 1951లో పీఎస్‌జీ ఇంజినీరింగ్ కళాశాల వచ్చింది. ఈనాడు పంపుసెట్టు అంటే కోయంబత్తూరే. రాజధాని చెన్నై అక్కడికి దాదాపు ఐదు వందల కిలోమీటర్లు.

చిన్న ఊళ్ళలో నిలబడినవి

ఉడుపిలో రోబోసాఫ్ట్ 1996లో మొదలై పెద్దదయింది. పక్కనే మణిపాల్‌లో ఇంజినీరింగ్ కళాశాల ఉంది. తమిళనాడులో తెన్కాశి దగ్గర మత్తళంపారైలో జోహో కంపెనీ కార్యాలయం నడుస్తోంది. ఆ కంపెనీ బడి చదువు పూర్తయిన పిల్లలను తీసుకుని, తానే శిక్షణ ఇచ్చి, పనిలో పెట్టుకుంటుంది. అయితే చెన్నైలో బాగా స్థిరపడ్డ తర్వాతే జోహో పల్లెకు వెళ్ళిందని గుర్తుంచుకోవాలి. చేతిలో డబ్బు, ఓపిక రెండూ ఉన్నవారికే అది సాధ్యమయింది.

చిన్న ఊళ్ళో ఉన్న కష్టమూ చెప్పాలి. బెంగళూరులో ఒక కంపెనీ మూతపడితే అందులోని పిల్లవాడికి అదే ఊళ్ళో మరోచోట పని దొరికే అవకాశం ఉంది. ఒకే కంపెనీ ఉన్న ఊళ్ళో అది పోతే సామాను సర్దుకోవలసిందే. అందుకే తెలివైన పిల్లలు చిన్న ఊరి కంపెనీలో చేరడానికి వెనకాడతారు. వారి భయాన్ని తప్పుపట్టలేం.

అన్నీ ఒకేచోట పోగుపడితే వచ్చే నష్టం కూడా మన తెలుగువారికి అనుభవమే. ఉద్యోగాలు, పెట్టుబడులు హైదరాబాదులోనే చేరడంతో 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు అటు ఆంధ్రప్రదేశ్ మళ్ళీ మొదటినుంచి కట్టుకోవలసి వచ్చింది. కర్ణాటక ప్రభుత్వం బెంగళూరు వెలుపల మైసూరు, మంగళూరు, హుబ్బళ్ళి వైపు కంపెనీలను ప్రోత్సహించడం వెనుక ఇటువంటి ముందుచూపు ఉందని మేము భావిస్తున్నాం.

మరి ఏం చేయాలి?

మా అభిప్రాయం ఇది. కంపెనీ అమ్మేది ఏమిటి, కొనేది ఎవరు అని ముందు అడగాలి. అమెరికా బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీ అయితే అనుభవం ఉన్న మనుషులు కావాలి, పిల్లవాణ్ణి బెంగళూరు పంపడమే మేలు. కొనేవారు మన ఊళ్ళోనే ఉంటే లెక్క మారుతుంది. బళ్ళారిలో జీన్స్ కుట్టే యూనిట్లు ఎన్నో ఉన్నాయి. ఎన్ని ముక్కలు కత్తిరించారు, ఎవరికి కుట్టడానికి ఇచ్చారు, ఉతుకుడుకు ఎన్ని వెళ్ళాయి అన్న లెక్క చూపే సాఫ్ట్‌వేర్ చేయాలనుకునేవాడు రోజూ ఆ యూనిట్లలో తిరగాలి. వాడు బెంగళూరులో గది తీసుకుని కూర్చుంటే ఆ పని తెలియదు. షోలాపూర్ మగ్గాలకు, కోయంబత్తూరు పంపులకు కూడా ఈ మాట వర్తిస్తుంది. పెట్టుబడిదారును కలవాల్సి వస్తే రాత్రి హంపి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి బెంగళూరు చేరవచ్చు.

పొలం అమ్మో, ఇల్లు తాకట్టు పెట్టో డబ్బు ఇచ్చేముందు పిల్లలను మూడు ప్రశ్నలు అడగండి. మొదటి పదిమంది కొనుగోలుదారులు ఎవరు, ఎక్కడున్నారు? పనిచేసే మనుషులు ఈ ఊళ్ళో దొరుకుతారా, లేక తయారు చేసుకోగలవా? రెండేళ్ళు ఆదాయం లేకపోతే ఇల్లు ఎలా గడుస్తుంది? మూడో ప్రశ్న దగ్గర సొంత ఊరికి మేలు ఉంది. ఇక్కడ అద్దె లేదు, భోజనం ఇంట్లోనే. అదే డబ్బు ఇక్కడ ఎక్కువ నెలలు వస్తుంది. ప్రభుత్వ సాయం కూడా చూసుకోవాలి. కర్ణాటకలో ‘ఎలివేట్’ పథకం కింద ఎంపికైన సంస్థలకు 50 లక్షల రూపాయల వరకు గ్రాంటు ఇస్తున్నారు.

మన సంఘాలు కూడా ఒక పని చేయవచ్చు. ప్రతి ఊళ్ళో మనవాళ్ళకు దుకాణాలు, మిల్లులు, యూనిట్లు ఉన్నాయి. కొత్తగా మొదలుపెట్టిన పిల్లవాడికి వారిలో ఒక్కరు తొలి ఆర్డరు ఇచ్చినా అది పెద్ద సాయం. ఉగాది సభకు పిల్లలు రావడం లేదని ఏటా బాధపడుతున్నాం. వారు ఊళ్ళో ఉండటానికి కారణం ఉంటేనే కదా వచ్చేది! మీ ఊళ్ళో ఇటువంటి ప్రయత్నం చేస్తున్న పిల్లల వివరాలు, వారికి పని ఇవ్వగల వ్యాపారుల వివరాలు మీ సంఘం కార్యదర్శికి అందజేయవలసిందిగా కోరుతున్నాం.