మీకు తెలుసా? హిప్పీల వెంటపడ్డ పత్రికలు
1967లో అమెరికాలోని పేరున్న పత్రికలకు కొత్త పని వచ్చి పడింది: జుట్టు పెంచుకుని, ఇల్లు వదిలిపోతున్న పిల్లల సంగతేమిటో తల్లిదండ్రులకు విడమరిచి చెప్పడం. మే నెలలో న్యూయార్క్ టైమ్స్ ఆదివారం అనుబంధంలో హంటర్ థాంప్సన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో హిప్పీల అడ్డా అయిన హైట్-ఆష్‌బరీ పేట గురించి రాశాడు. జులై 7 సంచికలో ‘టైమ్’ హిప్పీలను ముఖచిత్రానికెక్కించి, వాళ్లకో తత్వశాస్త్రాన్ని కూడా అంటగట్టింది.

వీటన్నిటిలో ఇప్పటికీ చదవదగ్గది మాత్రం సెప్టెంబరులో ‘సాటర్డే ఈవెనింగ్ పోస్ట్’లో వచ్చిన జోన్ డిడియన్ వ్యాసమే. ఆమె సిద్ధాంతాల జోలికి పోలేదు. హిప్పీల ఇళ్లలో కూర్చుని కంటపడ్డది రాసుకుంది, అంతే. చివర్లో ఒక ఐదేళ్ల పాప కనిపిస్తుంది. పెదాలకు తెల్ల లిప్‌స్టిక్, చేతిలో బొమ్మల పుస్తకం. ఆ పిల్లకు ఎల్.ఎస్.డి. అనే మత్తుమందు ఇస్తున్నది కన్నతల్లే!

పత్రికలు చదివి జనం ఎగబడ్డారు. టూరిస్టు బస్సులు సైతం హైట్-ఆష్‌బరీ వీధుల్లోకి వచ్చేవి. కిటికీల్లోంచి తొంగిచూసే వాళ్లకు హిప్పీలు అద్దాలు ఎదురుపట్టేవారు. చివరికి విసుగెత్తి, అక్టోబరు 6న ‘హిప్పీ పోయాడు’ అంటూ శవపేటికను ఊరేగించారు. పోయినవాడు ప్రచార సాధనాల ముద్దుబిడ్డ అని చావు కబురులో చురక కూడా వేశారు.

ప్రచురణకర్తలు వింటేగా! 1970లో యేల్ న్యాయశాస్త్ర ఆచార్యుడు చార్లెస్ రైక్ ఈ కుర్రకారును ఆకాశానికెత్తుతూ రాసిన ‘ది గ్రీనింగ్ ఆఫ్ అమెరికా’ వేడివేడిగా అమ్ముడుపోయింది.