కల్టివేటరు టైనులో పగులు: గట్టిపడిన లోహం పాత్ర

దుక్కుల అదనులో కల్టివేటరు టైను విరిగినపుడు ఇనుము నాసిరకమని తేల్చివేయడం పరిపాటి. విరిగిన ముఖాన్ని శుభ్రపరచి చూచిన పిమ్మట మాత్రమే ఆ మాట అనవలెను. బోల్టు రంధ్రపు అంచు నుండి విల్లువంపు గీతలతో నునుపైన భాగం, ఆవల గరుకైన భాగం కనిపించినచో, పగులు ఎన్నో పర్యాయాల బరువు మార్పులతో మెల్లగా పెరిగినదని అర్థం. ఆఖరి గడ్డ కేవలం నిమిత్తమాత్రం.

పదేపదే వంచిన మెత్తని ఇనుపతీగ బిరుసెక్కడం అందరూ ఎరిగినదే. అయితే ఉక్కులన్నీ ఇట్లు గట్టిపడవు. తెగుబలం, శాశ్వతంగా సాగనారంభించే ప్రతిబలానికి 1.4 రెట్లు మించినచో లోహం సాధారణంగా గట్టిపడును, 1.2 రెట్లకు లోపైనచో మెత్తబడును. కాగబెట్టి చల్లార్చి బిరుసు చేసిన ఉక్కులు తరచు ఈ రెండవ కోవకు చెందును.

పగులును ముందుకు నెట్టు శక్తిని 1968లో రైస్ ప్రతిపాదించిన జె-సమాకలనితో కొలుతురు. 1976లో డౌలింగ్, బెగ్లీ దానిని పునరావృత భారానికి అన్వయించిరి. ఇక్కడనే విద్యార్థులు తరచు పొరబడుదురు. గట్టిపడిన లోహం పగులును అడ్డుకొనునా, ప్రోత్సహించునా అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. మోయవలసిన బరువు స్థిరమై, లోహం విస్తారంగా సాగుచున్నపుడు గట్టిపడుట వలన వికృతి తగ్గి, నెట్టు శక్తీ తగ్గును. రంధ్రపు అంచున సంగతి వేరు. అచ్చటి కొద్దిపాటి లోహం ఎంత సాగవలెనో చుట్టూ ఉన్న దృఢమైన లోహమే చాలవరకు శాసించును. వికృతి మారక లోహం గట్టిపడినచో ప్రతిబలం పెరుగును. చిన్నపగులును నెట్టు శక్తియు పెరుగును. పగులు ఆ మండలం దాటి పోయిన పిదప మొత్తం బరువు, పగులు పొడవే ముఖ్యమగును. కావున తన్యతా పరీక్షలో ఒక్కసారి లాగి గీసిన వక్రరేఖను గణనలో వాడుట చాలదు. స్థిరపడిన చక్రీయ వక్రరేఖ కావలెను.

రైతులకు చెప్పవలసినది మాత్రం సులువే. రంధ్రపు అంచుల మొరటు కొనలను ఆకురాయితో నునుపు చేయించవలెను. పగిలిన చోట వెల్డింగు చేసి వెంటనే నీళ్లు పోయించు అలవాటు మాన్పించవలెను. కర్బనం తగుమాత్రం ఉన్న ఉక్కు అట్లు చల్లారినపుడు గాజువలె పెళుసెక్కి, చిన్నపగులుకే విరుగును. దుక్కికి పోవుటకు ముందు బోల్టులు విప్పి, తుడిచి, రంధ్రం చుట్టూ తుప్పు గీత ఉన్నదేమో చూచుకొనుటకు పట్టు సమయం బహు స్వల్పం.