లాగ్ ఎక్కడి నుంచి వస్తోంది?

వార్షికోత్సవ సంచికకు పనికొచ్చే విషయం ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగారు. చదువు గురించి, క్రమశిక్షణ గురించి పెద్దలు ఎలాగూ రాస్తారు. అందుకే మేము ఆదివారం నాడు మన గదుల్లో అన్నిటికంటే ఎక్కువగా వినిపించే మాటను తీసుకున్నాం: "లాగ్ వస్తోందిరా!" డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల ఊసు ఇందులో లేదు. వాటిని 2025లో కేంద్రం చట్టం చేసి నిషేధించింది. ఇది సరదాకు ఆడుకునే ఆటల గురించిన వ్యాసం.

మేము డిగ్రీ చదివే రోజుల్లో గదిలో ఆరుగురం ఉండేవాళ్లం. ఒక మిత్రుడి ఫోన్ హాట్‌స్పాట్ మీదే అందరి నెట్టూ నడిచేది. ఆట మంచి రసపట్టులో ఉండగా బొమ్మ ఆగిపోయేది. మళ్లీ కదిలేసరికి మా ఆటగాడు చచ్చిపడి ఉండేవాడు. తప్పంతా హాట్‌స్పాట్ ఇచ్చినవాడిదే అనేవాళ్లం. మాటలు పడలేక వాడు ఇంటి నుంచి వచ్చిన డబ్బుల్లోంచి పెద్ద ప్యాక్ వేయించాడు. అయినా లాగ్ పోలేదు. డబ్బు పోయింది, గదిలో మాటలు కూడా కరువయ్యాయి. అసలు కారణం పది రోజుల తర్వాత గానీ దొరకలేదు. అది చెప్పే ముందు కొన్ని సంగతులు తెలుసుకుందాం.

వేగం వేరు, ఆలస్యం వేరు

ఎంబీపీఎస్ అనేది రోడ్డు వెడల్పు లాంటిది. పింగ్ అంటే మన కబురు ఆట సర్వర్‌కు వెళ్లి, జవాబు తిరిగి రావడానికి పట్టే కాలం. దీన్ని మిల్లీసెకన్లలో, అంటే సెకనులో వెయ్యో వంతుల్లో కొలుస్తారు. రోడ్డు వెడల్పు చేసినంత మాత్రాన ఊరు దగ్గర కాదు కదా! పైగా ఆట నడిచేటప్పుడు వాడుకునే డేటా చాలా తక్కువ. అందుకే పెద్ద ప్యాక్ వేయించినా ఫలితం ఉండకపోవచ్చు.

"సినిమా బాగానే వస్తోంది, ఆటే ఆగుతోంది, ఎందుకు?" అని చాలామంది అడుగుతారు. సినిమా ముందు వచ్చే భాగాన్ని కొంత దాచిపెట్టుకుంటుంది. మధ్యలో నెట్ ఆగినా దాచిందే చూపిస్తుంది. ఆటలో ఎదుటివాడు తర్వాత ఏం చేస్తాడో ముందుగా దాచుకోవడం కుదరదు. కాబట్టి అర సెకను ఆలస్యమైనా వెంటనే తెలిసిపోతుంది.

ఇందులో మూడు రకాల జబ్బులు ఉన్నాయి. మొదటిది, పింగ్ ఎప్పుడూ ఎక్కువగా ఉండటం. రెండవది జిట్టర్, అంటే పింగ్ ఒకసారి 30, మరోసారి 300 కావడం. నిలకడగా ఉండే 80 కంటే ఇదే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. మూడవది ప్యాకెట్ లాస్, అంటే పంపిన కబుర్లలో కొన్ని దారిలోనే పోవడం.

ముందు పరీక్ష, తర్వాతే వైద్యం

బొమ్మ కుదుపులు పడుతున్నా ఆటలో కనిపించే పింగ్ అంకె మామూలుగానే ఉంటే తప్పు నెట్‌ది కాదు, ఫోన్‌ది. వేడెక్కిన ఫోన్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. ఛార్జింగ్ పెట్టి ఆడకండి, గ్రాఫిక్స్ తగ్గించండి, వెనక తెరిచి ఉన్న యాప్‌లు మూసేయండి.

పింగ్ అంకె కూడా ఎగురుతుంటే అది నెట్ సంగతే. దాన్ని తేల్చడానికి పింగ్ పేరుతోనే ఒక చిన్న ప్రోగ్రాం ఉంది. 1983 డిసెంబరులో మైక్ మూస్ అనే అమెరికన్ దాన్ని రాశాడు. సోనార్ యంత్రం చేసే శబ్దాన్ని బట్టి ఆ పేరు పెట్టాడు. విండోస్ ఉన్న ల్యాప్‌టాప్‌ను అదే వైఫైకి కలిపి కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. ఐపీకాన్‌ఫిగ్ అని ఆంగ్లంలో కొడితే డిఫాల్ట్ గేట్‌వే అంకె కనిపిస్తుంది. అదే మీ రూటర్ లేదా హాట్‌స్పాట్ ఫోన్ చిరునామా. ఇప్పుడు పింగ్ అని కొట్టి, కాస్త ఖాళీ వదిలి, ఆ అంకె వేయండి. తర్వాత అదే పద్ధతిలో 8.8.8.8 అని వేయండి. ఇది గూగుల్ వారి సర్వర్. చివర ఖాళీ వదిలి హైఫన్, టి చేరిస్తే కంట్రోల్, సి నొక్కేదాకా పరీక్ష సాగుతూనే ఉంటుంది. ఆపగానే ఎన్ని కబుర్లు పోయాయో లెక్క కూడా చూపుతుంది.

ఫలితం ఇలా చదవాలి:

1. గేట్‌వే దగ్గరే అంకెలు ఎగురుతుంటే లోపం గదిలోని వైఫైది. మామూలుగా అక్కడ కొద్ది మిల్లీసెకన్లే రావాలి. రూటర్‌కు దగ్గరగా కూర్చోండి. 5 గిగాహెర్ట్జ్ వైఫై ఉంటే దానికి మారండి. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి దూరం వెళ్తుంది గానీ, అందులో ఒకదానికొకటి అడ్డుపడని ఛానళ్లు 1, 6, 11 అనే మూడే. పక్క గదుల హాట్‌స్పాట్లు, బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు కూడా అక్కడే తోసుకుంటాయి. ల్యాప్‌టాప్‌లో ఆడేవారు రూటర్ నుంచి కేబుల్ లాగితే అన్నిటికంటే మేలు.

2. గేట్‌వే బాగుండి 8.8.8.8 దగ్గర చెడితే లోపం బయటి లైనుది లేదా టవర్‌ది. సాయంత్రం అందరూ ఒకే టవర్ మీద పడినప్పుడు సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా పింగ్ పెరుగుతుంది. ఫోన్‌ను కిటికీ దగ్గర పెట్టి చూడండి. 5జీ బలహీనంగా ఉండి ఫోన్ మాటిమాటికీ 4జీకి, 5జీకి మారుతుంటే సెట్టింగ్స్‌లో 4జీకే ఉంచేయండి.

3. రెండూ బాగుండి ఆటలోనే చెడితే సర్వర్ ఇబ్బందిలో ఉండాలి, లేదా దూరంగా ఉండాలి. ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి సింగపూర్ తిన్నగా కొలిచినా దాదాపు 3,300 కిలోమీటర్లు. అంటే వెళ్లిరావడానికే కనీసం 33 మిల్లీసెకన్లు కావాలి. దీన్ని ఏ "పింగ్ బూస్టర్" యాప్ కూడా తగ్గించలేదు. ఆటలో సర్వర్ ఎంచుకునే వీలుంటే దగ్గరిదే ఎంచుకోండి.

మా గదిలో దొరికిన దొంగ

మాది రెండో రకం. ఒక్కొక్క ఫోన్ వైఫై ఆపుతూ పింగ్ చూస్తూ పోయాం. నాలుగో ఫోన్ ఆపగానే 400 దాటిన అంకె 50కి దిగింది. ఆ ఫోన్‌లో ఫొటోలు, వీడియోలు వాటంతటవే క్లౌడ్‌లోకి ఎక్కుతున్నాయి. అన్నిటికంటే గట్టిగా తిట్టినవాడి ఫోనే అది! పాపం, వాడికీ ఆ సంగతి తెలియదు.

కుళాయి దగ్గర డ్రమ్ము నింపేవాడి వెనక గ్లాసు పట్టుకుని నిలబడితే ఎలా ఉంటుందో ఇదీ అంతే. అప్‌లోడ్ దారి మామూలుగా డౌన్‌లోడ్ కంటే ఇరుకు. అది నిండితే ఆట పంపే చిన్న కబురు కూడా క్యూలో ఆగాలి. అమెరికన్ ఇంజనీరు జిమ్ గెటిస్ 2010-11 ప్రాంతంలో తన ఇంటి నెట్‌లోనే దీన్ని గమనించి, బఫర్‌బ్లోట్ అనే పేరుతో ప్రపంచం దృష్టికి తెచ్చాడు. దీనికి మందు సులభం. ఆడే సమయంలో బ్యాకప్‌లు, అప్‌డేట్లు ఆపుకోవాలి. కొన్ని రూటర్లలో ఎస్‌క్యూఎం అనే సదుపాయం ఉంటుంది. ఉంటే దాన్ని ఆన్ చేయించండి.

ఆట కోసం ఇంత అవసరమా అని కొందరు అనవచ్చు. తర్వాత మా హాట్‌స్పాట్ మిత్రుడికే ఒక ఉద్యోగానికి వీడియో ఇంటర్వ్యూ వచ్చింది. వీడియో మాటలకూ ఇదే జబ్బు, ఇదే మందు. ఆ రోజు మిగతా అయిదుగురం ఎవరూ చెప్పకుండానే వైఫై ఆపేసుకుని వరండాలో కూర్చున్నాం. వాడి మాట ఒక్కసారి కూడా తెగలేదు.

కాబట్టి తమ్ముళ్లూ, ప్యాక్ వేయించే ముందు, పక్కవాణ్ని తిట్టే ముందు ఒక్క పది నిమిషాలు పింగ్ పెట్టి చూడండి.