మట్టి పువ్వు ఎందుకు పగిలింది?

కోయిలకుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాల పొలాల్లో ఎండాకాలం ఎప్పుడైనా నడిచారా? నల్లరేగడి నేల నెర్రెలు విచ్చి ఉంటుంది. ఒక నెర్రెలోకి కట్టె దించి చూస్తే అది మూరెడు లోతుకు దిగినా ఆశ్చర్యపోనక్కర లేదు. వానలు పడగానే అదే నేల ఉబ్బి, నెర్రెలన్నీ పూడుకుపోతాయి.

ఆ మట్టినే పిడికెడు తెచ్చి, తడిపి, ఒక చిన్న పువ్వు చేసి ఎండలో పెట్టండి. సాయంత్రానికి దాని రేకులు పగులుతాయి. పొలాన్ని చీల్చిన కారణమే మీ పువ్వునూ చీల్చింది. ఆ కారణం తెలుసుకుంటే, పగలని పూలతో ఒక మంచి పూసల దండను ఇంట్లోనే చేసుకోవచ్చు.

పూసలంటే మన ప్రాంతానికి కొత్త కాదు. జుర్రేరు లోయలో జ్వాలాపురం అనే ఊరుంది. 2022 వరకు అది కర్నూలు జిల్లాలో ఉండేది, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. అక్కడి ఒక రాతి చరియ కింద శాస్త్రజ్ఞులు తవ్వకాలు జరిపి, ఆ ఫలితాలను 2009లో ప్రచురించారు. సుమారు 35,000 ఏళ్ళ నుంచి మనుషులు ఆ చోటును వాడుకున్నారని తేలింది. చిన్న చిన్న రాతి పనిముట్లు, చెక్కిన ఎముకలతోపాటు పూసలు కూడా అక్కడ దొరికాయి. తిండి కోసం రోజంతా తిరగవలసిన ఆ కాలంలో కూడా ఎవరో ఓపికగా కూర్చుని పూసకు బెజ్జం వేశారన్నమాట!

గట్టి రాతికి బెజ్జం వేయడం కష్టం. మట్టికి మాత్రం పుల్ల గుచ్చితే చాలు. అయితే రాతి పూసకు లేని చిక్కు ఒకటి మట్టి పూసకు ఉంది. అది ఎండేటప్పుడు ముడుచుకుంటుంది.

మట్టిలో ఏముంది?

బంకమట్టి రేణువులు చాలా సన్నవి. మిల్లీమీటరులో అయిదువందల వంతు కంటె కూడా చిన్నవి. పైగా ఇవి ఇసుకలా గుండ్రటి గింజలు కావు, పలుచని పలకలు. ఈ పలకల మధ్య నీరు చేరినప్పుడు అవి ఒకదాని మీద ఒకటి జారుతాయి. అందుకే తడి మట్టి మనం వంచినట్లల్లా వంగుతుంది. ఆ నీరు ఆవిరైపోతే పలకలు దగ్గరకు జరిగి మట్టి ముడుచుకుంటుంది.

నల్లరేగడిలో మాంట్‌మొరిల్లొనైట్ రకానికి చెందిన ఖనిజాలు ఎక్కువ. వీటిలో నీరు రేణువుల మధ్యనే కాదు, ఒక్కొక్క రేణువులోని పొరల మధ్యకు కూడా చొరబడుతుంది. అందుకే ఈ మట్టి ఎంతో ఉబ్బుతుంది, ఎండితే అంతగానూ ముడుచుకుంటుంది.

కాని ముడుచుకోవడం ఒక్కటే పగుళ్ళకు కారణం కాదు. పువ్వు అంతా ఒకేసారి, ఒకే తీరున ముడుచుకుంటే అది చిన్న పువ్వు అవుతుంది, అంతే. పలుచని రేకుల అంచులు ముందు ఎండి ముడుచుకుంటాయి. మందమైన నడిమి భాగం ఇంకా తడిగానే ఉంటుంది. ఒకటి లాగుతూంటే ఒకటి కదలదు. అప్పుడే పగులు పుడుతుంది.

కొలిచి చూద్దాం

నల్లరేగడి, చెరువు బంకమట్టి రెండూ తెచ్చుకోండి. వాటిని విడివిడిగా ఎండబెట్టి, దంచి, పలుచని గుడ్డతో జల్లించండి. తర్వాత నాలుగు ముద్దలు కలపండి: నల్లరేగడి ఒకటి, చెరువు మట్టి ఒకటి, ఈ రెంటిలోనూ మూడు పాళ్ళ మట్టికి ఒక పాలు సన్నని ఇసుక చేర్చినవి మరి రెండు. నాలుగింటినీ వేలెడు మందం గల పట్టీలుగా చేసి, ప్రతి పట్టీ మీద సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీయండి. నీడలో నాలుగైదు రోజులు ఆరాక ఆ గీతను మళ్ళీ కొలవండి. గీత 9.2 సెంటీమీటర్లు ఉంటే ఆ మట్టి నూటికి ఎనిమిది వంతులు ముడుచుకున్నట్లు. ఇసుక రేణువులు నీటిని పీల్చి ఉబ్బవు, కనుక ఇసుక కలిపిన పట్టీ తక్కువ ముడుచుకుంటుంది. కుమ్మరులు మట్టిలో ఇసుకో బూడిదో కలపడంలోని రహస్యం ఇదే. తక్కువ ముడుచుకుని, పగలని మట్టినే దండకు ఎంచుకోండి.

ఇంకొక పరీక్ష కూడా ఉంది. మనది సున్నపురాయి ప్రాంతం. పొడిమట్టి మీద నిమ్మరసం చుక్కలు వేసి చూడండి. బుడగలు పొంగితే అందులో సున్నపురాయి ఉన్నట్లు. ఆ బుడగలు కార్బన్ డయాక్సైడ్ వాయువువి. అటువంటి మట్టి పూసలకు పనికిరాదు. బాగా కాలితే ఆ సున్నపు గులకలు పొడిసున్నంగా మారతాయి. తర్వాత గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతాయి. చక్కగా కాలిన పూస కూడా కొన్నాళ్ళకు పెచ్చులూడిపోతుంది.

పూసలు, పూలు

గోలీకంటె కొంచెం చిన్నవిగా 50 ఉండలు చేసుకోండి. బెజ్జానికి చీపురు పుల్ల తీసుకోండి. ఇక్కడ ఒక ప్రశ్న: పూస ముడుచుకున్నప్పుడు బెజ్జం పెద్దదవుతుందా, చిన్నదవుతుందా? పెద్దదవుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి చిన్నదే అవుతుంది. ఒక బొమ్మను చిన్నది చేసి గీస్తే అందులోని కిటికీ కూడా చిన్నదవుతుంది కదా! కనుక దారం కంటె బాగా లావుగా ఉన్న పుల్లనే వాడాలి. పుల్లను పూసలో వదిలేయకూడదు. పూస ముడుచుకుంటుంది, పుల్ల ముడుచుకోదు. ఫలితం మీరే ఊహించగలరు.

పువ్వుకు జిల్లేడును నమూనాగా తీసుకోండి. దూరం నుంచే చూడండి, దాని పాలు కంటికి హాని చేస్తాయి. జిల్లేడు పువ్వుకు అయిదు రేకులు. 360ని 5తో భాగిస్తే 72. అంటే రేకుకూ రేకుకూ మధ్య 72 డిగ్రీలు. కాగితం మీద కోణమానినితో గుర్తులు పెట్టుకుని, అయిదు రేకులనూ ఒకే మందంలో చేయండి. అతికే చోట పుల్లతో గీతలు గీసి, చిక్కని మట్టినీళ్ళు రాసి అదమండి. పై రేకుకు బెజ్జం వేయండి. ఇలాంటివి ఆరేడు చేసుకోండి. సగం ఆరాక నున్నని గులకరాయితో రుద్దితే పైనున్న రేణువుల పలకలు ఒకే వైపుకు ఒరిగి నిగనిగలాడతాయి. వీటిని ఎండలో కాక, నీడలో గుడ్డ కప్పి ఆరనివ్వండి. తొందరపడితే పగులు తప్పదు.

కాల్చడం

మీ ఊళ్ళో కుమ్మరి ఆవం ఉంటే పూసలను ఒక చిన్న కుండలో పెట్టి ఇవ్వండి. లేకపోతే ఆరుబయట, పెద్దవాళ్ళను దగ్గర పెట్టుకుని పిడకల మంటలో కాల్చవచ్చు. ముందు పూసలను వేడి బూడిదలో గంటసేపు వెచ్చచేయాలి. వాటిలో తడి మిగిలితే అది ఆవిరవుతుంది. నీరు ఆవిరైతే దాని ఘనపరిమాణం సుమారు 1,700 రెట్లు పెరుగుతుంది. పూస టపాకాయలా పేలుతుంది!

ఎండిన మట్టిని నీళ్ళలో వేస్తే మళ్ళీ బురదవుతుంది. ఎండడం భౌతిక మార్పు. సుమారు 500, 600 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఖనిజంలోనే బిగిసి ఉన్న నీరు కూడా వెళ్ళిపోతుంది. అది రసాయనిక మార్పు. ఇక ఆ మట్టి మళ్ళీ బురద కాదు. మంటకు గాలి బాగా అందితే మట్టిలోని ఇనుము ఆక్సిజన్‌తో కలిసి పూస ఎర్రనవుతుంది. గాలి ఆడకుండా పొగలో మగ్గితే నల్లబడుతుంది. రాక్షస గుళ్ళని పల్లెల్లో పిలిచే ప్రాచీన సమాధుల్లో దొరికే నలుపు, ఎరుపు కుండలను చేసినవారికి ఈ కిటుకు తెలుసు.

మంట పూర్తిగా చల్లారాక, మర్నాడు పూసలు తీయండి. ఒక పూసను రాత్రంతా నీళ్ళలో ఉంచండి. కరిగితే సరిగా కాలలేదని అర్థం. కరగకపోతే గట్టి దారానికి తొమ్మిదేసి పూసలకొక పువ్వు చొప్పున గుచ్చండి. 45 పూసలు, 5 పూలతో దండ తయారవుతుంది.

పగిలిన పూలను మాత్రం పారేయకండి. పగులు అంచున మొదలైందా, అతుకు దగ్గర మొదలైందా, బెజ్జం దగ్గరా? ప్రతి పగులు పక్కనా కారణం రాసిపెట్టుకోండి. రెండో దండ చేసేటప్పుడు మీకు ఆ కాగితమే గురువు.