విశాఖలో పాత ఆర్‌సీ కారు ఎందుకు మొరాయిస్తుంది?

అటక మీంచి దించిన పాత ఎలక్ట్రిక్ ఆర్‌సీ (రేడియో కంట్రోల్) టూరింగ్ కారు, బ్యాటరీ నిండుగా ఉన్నా ఈడ్చుకుంటూ నడుస్తోందా?

ఎందుకలా?
విశాఖ సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. అది తేమను పీల్చుకుని ఉక్కు స్క్రూలకు, బేరింగులకు త్వరగా తుప్పు పట్టిస్తుంది. ఇంకో చిక్కు ఇసుక. విశాఖ–భీమిలి తీరపు ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్‌తో పాటు మాగ్నెటైట్ కూడా ఉంటుంది. మాగ్నెటైట్‌ను అయస్కాంతం లాగేస్తుంది. మోటారులోనూ అయస్కాంతాలే కదా! గాలి కంతల్లోంచి ఆ నల్ల రేణువులు లోపలికి చేరి రాపిడి పెంచుతాయి. పాతరకం మోటారులో కార్బన్ బ్రష్‌లు ఎలాగూ అరుగుతాయి.

ఎలా బాగుచేయాలి?
ముందు బ్యాటరీ తీసేయండి. మెత్తటి కుంచెతో దుమ్ము దులపండి. చక్రాల దగ్గర ప్లాస్టిక్ బుష్‌లుంటే బాల్ బేరింగులు వేయండి. జారే రాపిడి కన్నా దొర్లే రాపిడి తక్కువ. ఒక్కో బేరింగుకు చుక్క నూనె చాలు, ఎక్కువైతే ఇసుక అంటుకుంటుంది. అరిగే బ్రష్‌లే లేని బ్రష్‌లెస్ మోటారు పెడితే దానికి సరిపోయే స్పీడ్ కంట్రోలర్ కూడా కావాలి.

లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ పెట్టొచ్చా?
పాత బ్యాటరీ ప్యాకులో 1.2 వోల్టుల సెల్స్ 6, అంటే 7.2 వోల్టులు. లైపోలో 3.7 వోల్టుల సెల్స్ 2, అంటే 7.4 వోల్టులు. దాదాపు సమానమే. అయితే ఒక్కో సెల్ 3 వోల్టుల కిందికి దిగితే లైపో పాడవుతుంది. పాత కంట్రోలర్ అది గమనించి ఆపదు. అందుకే తక్కువ వోల్టేజీ అలారం తగిలించాలి. లైపో చార్జరే వాడాలి, చార్జింగ్ పెట్టినప్పుడు పెద్దవాళ్లు దగ్గరుండాలి. ఉబ్బిన ప్యాకును మళ్లీ వాడొద్దు.